కృత్తికల గొంతు

తెలుగులో దాన్ని సైలెన్సర్ అంటాం. స్కూటరుదైనా లారీదైనా, వెనకాల పొగ వదిలే గొట్టానికి మన ఊళ్ళలో పేరు అదే. నోరు నొక్కడమే దాని పని అని పేరే చెబుతోంది. బండి మరికాస్త మాట్లాడాలన్న కోరికతో ఉన్న సైలెన్సర్ విప్పేసి, డబ్బులు పోసి ఇంకో సైలెన్సర్ తెప్పించి, శనివారమంతా కారు కింద వెల్లకిలా పడుకున్న మగవాణ్ణి ఏమనాలో మా ఆవిడ దగ్గర మాటలున్నాయి. అవి ఇక్కడ రాయను.

కారు 2006 సుబారు ఇంప్రెజా, డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్టీఐ. రెండున్నర లీటర్ల టర్బో ఇంజను, కంపెనీ లెక్కలో 300 హార్స్‌పవర్. దాన్ని నేను కొనేటప్పటికే దానికి వయసు మళ్ళింది. ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పొలిమేరల్లో. కార్లు పుట్టే ఊళ్ళో ఉంటూ జపాను కారు కొన్నందుకు పక్కింటి పెద్దాయన మొదటి నెల పలకరించలేదు.

జపాను భాషలో సుబారు అంటే మన కృత్తికలు. కారు ముక్కు మీద కోలగా ఉన్న బిళ్ళలో మెరిసే ఆరు చుక్కలూ అవే. ఒకటి పెద్దది, అయిదు చిన్నవి. 1953లో అయిదు సంస్థలు కలిసి ఫ్యూజీ హెవీ ఇండస్ట్రీస్ అయినందుకు గుర్తు. మన పురాణాల్లోనూ కృత్తికలు ఆరుగురే, కుమారస్వామికి పాలిచ్చి పెంచిన తల్లులు. ఆ నక్షత్రానికి అధిదేవత అగ్ని. పెట్రోలు తాగి మంట కక్కే యంత్రానికి ఇంతకంటే తగిన పేరు ఏ పంతులుగారు పెట్టగలరు?

ఈ కారు గొంతు నాకు మొదట వినపడింది విజయవాడలో ఒక నెట్ సెంటర్లో. కోలిన్ మెక్‌రే ర్యాలీ ఆట, ఒక చెవిలోనే పలికే హెడ్‌ఫోను. మెక్‌రే 1995లో ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయింది ఈ ఇంప్రెజాతోనే. నీలం రంగు ఒళ్ళు, పక్కన పసుపుపచ్చ 555 అంకెలు, బంగారు రంగు చక్రాలు. ఆటలోని శబ్దం అసలు దానికి ఎంత దూరమో అప్పుడు తెలియదు. అన్ని కార్లూ ఏడుస్తున్నాయి, ఇదొక్కటే గొణుగుతోంది అని మాత్రం తెలిసింది.

గొణుగుడుకి కారణం చెప్పకుండా దాని అందం చెప్పలేను. చాలా కార్లలో నాలుగు సిలిండర్లూ వరసగా నిలబడి ఉంటాయి. సుబారులో అవి పడుకుని ఉంటాయి, రెండు కుడిపక్క, రెండు ఎడమపక్క. ఎదురెదురు పిస్టన్లు బాక్సింగులో ముష్టిఘాతాల్లా ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి. పేలే వరస ఒకటి, మూడు, రెండు, నాలుగు. ఇందులో ఒకటీ మూడూ కుడివైపువి, రెండూ నాలుగూ ఎడమవైపువి. పేలుడుకీ పేలుడుకీ మధ్య వ్యవధి సమానం. అంటే లోపల తాళం తప్పడం లేదు. తప్పేది గొట్టంలో. పొగ బలంతో తిరిగే టర్బో ఇంజనుకి కుడివైపు వెనకన కూర్చుంటుంది. కుడి సిలిండర్ల పొగకి అది నాలుగడుగుల్లో ఉన్న పొరుగిల్లు. ఎడమ సిలిండర్ల పొగ ఇంజను కింద నుంచి ఏరు దాటినట్టు దాటి రావాలి. కుడి దెబ్బలు రెండూ ముందే చేరిపోతాయి, ఎడమవి రెండూ ఆలస్యంగా వస్తాయి. నాలుగు సమానమైన అడుగులు గొట్టం చివరికి వచ్చేసరికి ఎగుడుదిగుడు నడక అవుతాయి.

ఇంజను నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 750 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక్కో చుట్టుకి రెండు పేలుళ్ళు, అంటే సెకనుకి పాతిక. పాతిక దెబ్బలు సమంగా పడితే చెవికి అదొక గీత, మోటారు రొద. ఇక్కడ అవి నాలుగేసి చొప్పున కుంటుతూ వస్తాయి కనక సెకనుకి ఆరు గుంపులు విడివిడిగా తెలుస్తాయి. ఆరు గుంపులని లెక్కపెట్టలేం గానీ పట్టుకోగలం. మద్దెల మీద వేళ్ళు ఆడుతున్నప్పుడు మోతలో నడక వినిపించినట్టే ఇదీ.

ఇంజనీర్ల భాషలో ఇది లోపం. గొట్టాలు సమానంగా ఉంటే టర్బో మీద దెబ్బలు క్రమంగా పడతాయి, చక్రం త్వరగా ఊపందుకుంటుంది. జపాను వాళ్ళు తమ దేశంలో అమ్మే ఎస్టీఐలకి 2000 దశకం మొదట్లోనే ఆ దిద్దుబాటు చేసేశారు, రెండు దారుల టర్బో, సమానమైన గొట్టాలు. నడక సరిపోయింది, గొంతు పోయింది. అమెరికాకి పంపిన రెండున్నర లీటర్ల కారుకి మాత్రం పాత వంకర గొట్టాలే 2021 మోడల్ దాకా సాగాయి. ఎందుకు దిద్దలేదో గానీ దిద్దనందుకు దణ్ణం. తంబురాలో తీగ ఆనుకునే పలక మీద, తీగ కింద సన్నని దారం ఒకటి పెడతారు. ఆ దారం తీగని శుభ్రంగా పలకనివ్వదు, దాని కదలికకి అడ్డం పడుతుంది. ఆ అడ్డులోంచే జీవ పుడుతుంది. దారం తీసేసిన తంబురా శాస్త్రం ప్రకారం శుద్ధం, వినేవాడికి ఉత్త కర్ర. ఈ కారులో ఎడమ నుంచి కుడికి దాటే ఆ పొడుగు గొట్టమే దారం.

కంపెనీ వాడు ఆ జీవ పుట్టించాడు, మళ్ళీ వాడే గుడ్డ కప్పాడు. కంపెనీ సైలెన్సర్ లోపల గదులుంటాయి. పొగ ఒక గదిలోకి వెళ్ళి, చిల్లుల గోడ దాటి, వెనక్కి తిరిగి, ఇంకో గదిలోంచి బయటపడుతుంది. ఈ ప్రదక్షిణల్లో శబ్దపు అలలు ఒకదాన్నొకటి కొట్టుకుని చచ్చిపోతాయి. దానికి ముందే టర్బో సగం పని చేసేసి ఉంటుంది. పొగలో ఉన్న ఊపుని తను తినేసి, దెబ్బల పదును అరగదీస్తుంది. అందుకే టర్బో కారుకి తారస్థాయి ఉండదు. పన్నెండు సిలిండర్ల ఇటలీ కారు కీచు కోరేవాళ్ళు అటే వెళ్ళాలి. ఇక్కడ దొరికేది మంద్రం. ఆ మంద్రం మీద కప్పిన గుడ్డ తీయడం వరకే మన పని.

గుడ్డ అంత తేలిగ్గా రాలేదు. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు పదేళ్ళకి పైగా తాగిన నట్టూ బోల్టూ ఏది ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకే తుప్పు ముద్ద అయిపోయాయి. సాయానికి వచ్చింది భీమవరం కుర్రాడు. ఇక్కడే బ్రేకులు చేసే కంపెనీలో పని. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచాం. పొద్దున్నే కారు నాలుగు స్టాండ్ల మీదికి ఎక్కించి, కిందకి దూరి, బ్యాటరీ లైటు వేసి కాసేపు చూసి, వాడన్నాడు: "అన్నయ్యా, దీన్ని పానాతో కాదండీ, దణ్ణం పెట్టి ఇప్పాలి."

పధ్నాలుగో నంబరు సాకెట్, దాని వెనక చెయ్యంత పొడుగు కడ్డీ. మొదటి నట్టు ఎంతకీ కదల్లేదు. తర్వాత టప్‌మని ఒక శబ్దం. విరిగిందా, వదిలిందా? పానా పట్టుకున్న ప్రతివాడికీ ఆ అర సెకను తెలుసు. ఊపిరి బిగబట్టి ఇంకో పావు చుట్టు తిప్పితే, ఎర్ర పొడి రాల్చుకుంటూ మెల్లగా తిరగడం మొదలెట్టింది. ఆ తిరగడంలోని సుఖం నేను వర్ణించలేను. రెండోది మాత్రం నిజంగానే విరిగింది. దాన్ని తొలిచి తీయడంతోనే మధ్యాహ్నం అయింది.

సైలెన్సర్ కారు కింద రబ్బరు చెవులకి వేలాడుతూ ఉంటుంది. ఇనప కమ్మీ రబ్బరు చిల్లులోకి బిగుతుగా దూరి ఉంటుంది కనక లాగితే రాదు. సబ్బు నీళ్ళు చల్లి అటూ ఇటూ తిప్పితే జారింది, సబ్బు రాసిన చేతికి గాజు ఎక్కినట్టు. పాత గొట్టం కడుపు మీద పడకుండా ఇద్దరం చెరో కొసా పట్టుకుని పసిబిడ్డని దించినట్టు దించాం. బిడ్డ తుప్పు పట్టి ఉంది, బరువుగా ఉంది, మా ఇద్దరి మొహాల మీదా మట్టి పోసింది.

కొత్తది పెట్టెలోంచి తీసి గ్యారేజీ నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాను. స్టెయిన్‌లెస్ ఉక్కు, మూడంగుళాల వ్యాసం, అంటే 76 మిల్లీమీటర్లు. వంపుల దగ్గర చూడండి. మామూలు గొట్టాన్ని వంచితే లోపలి వైపు నలిగి ముడత పడుతుంది, దారి ఇరుకవుతుంది. ఇది లోపల అచ్చు పెట్టి వంచినది. వంపు మొదట్లో, మధ్యలో, చివర్లో ఒకే గుండ్రం. పామూ ఇలాగే ఒంపు తిరుగుతుంది, ఎక్కడా నలగదు. అతుకుల దగ్గర వెల్డింగు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి సగం సగం ఎక్కి కాసులపేరులా చుట్టూ తిరిగాయి. ఆ వెల్డరెవరో నాకు తెలియదు. ముప్పై ఏడో కాసు దగ్గర చెయ్యి ఒక్క వెంట్రుకవాసి వణికింది. అక్కడ వేలు పెట్టి కాసేపు కూర్చున్నాను. కారు కిందికి వెళ్ళిపోయాక ఈ నగని రోడ్డు తప్ప ఎవరూ చూడరు. గోపురం మీద పై అంతస్తు బొమ్మలకి కనుబొమలు చెక్కిన శిల్పి సంగతీ అంతే కదా.

దీని సైలెన్సర్ డబ్బాలో గదులు లేవు. చిల్లుల గొట్టం ఒకటి తిన్నగా ఈ చివరి నుంచి ఆ చివరికి ఉంటుంది. చుట్టూ గాజు పీచు, ఉక్కు పీచు దట్టించి ఉంటాయి. పొగ ఆగకుండా వెళ్ళిపోతుంది. శబ్దం మాత్రం చిల్లుల్లోంచి పక్కకి జారి, పీచులో ఇంకిపోతుంది. ఇంకేది ఎక్కువగా కీచు, మిగిలేది ఎక్కువగా గర్జన. మంచి సైలెన్సర్ అంటే మంచి సంపాదకుడు. రచయిత గొంతు ముట్టుకోడు, సుత్తి తీసేస్తాడు.

బిగించే ముందు గొట్టమంతా స్పిరిట్ గుడ్డతో తుడవాలి. తుడవకపోతే మన వేలిముద్రల్లోని జిడ్డు మొదటి వేడికే కాలి, ఉక్కు మీద శాశ్వతంగా అచ్చు పడిపోతుంది. నట్లన్నీ ముందు వదులుగా ఎక్కించి, వెనక బంపరు గూట్లో గొట్టం మూతి నడిమధ్యకి వచ్చేలా సర్ది, అప్పుడు ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. మూతి చుట్టూ వేలు పట్టే సందు వదలాలి, ఇంజను కదిలితే గొట్టమూ కదులుతుంది. ఈ సర్దుడుకి గంట పట్టింది. భీమవరం వాడు పది అడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి, "ఎడమకండీ... ఆయ్, ఎక్కువైందండీ" అంటూ పెళ్ళిచూపుల్లో పేరంటాళ్ళకంటే ఎక్కువ వంకలు పెట్టాడు.

తాళం తిప్పాను.

చల్లటి ఇంజను మొదట కాస్త ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఒక్కసారిగా గ్యారేజీ గోడకి తగిలించిన పానాలన్నీ సన్నగా మోగాయి. గొట్టం మీద మిగిలిన నూనె కాలి నీలం పొగ వచ్చింది, వాసన వచ్చింది. రెండు నిమిషాలకి ఇంజను వేడెక్కి, చుట్లు దిగి, అప్పుడు కుదురుకుంది. కుదురుకున్నాక వినపడింది, ఆ కుంటి నడక. గుబగుబ, గుబ... గుబగుబ, గుబ. పాదాల్లోకి వచ్చింది ముందు, చెవిలోకి తర్వాత. ఇద్దరం మాట్లాడలేదు. వాడు చేతి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మన అలంకారికులు ధ్వని అన్న మాటని శబ్దం నుంచి తీసుకుని ఎక్కడికో తీసుకుపోయారు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యంలో వ్యంగ్యార్థం ఎలా పుడుతుందో చెప్పడానికి అనురణనాన్ని పోలిక తెచ్చాడు. అంటే గంట మీద దెబ్బ ఆగాక మిగిలే మోత. ఈ కారు దగ్గర నాకు ఆ పోలిక మళ్ళీ శబ్దంలోకి తిరిగొచ్చింది. మూడో గేరులో నిండుగా తొక్కి, టర్బో ఈల అందుకుని, గొణుగుడు గర్జన అయ్యాక, చటుక్కున కాలు తీస్తే గొట్టంలోంచి రెండు మూడు తేలిక దగ్గులు వస్తాయి. రసం ఆ దగ్గుల్లో ఉంది. తొక్కినప్పుడు వినిపించేది వాచ్యం, ఎవడైనా వింటాడు. వదిలినప్పటిది వినడానికి కాస్త కూర్చోవాలి.

చోటుని బట్టి గొంతు మారుతుంది. తాజా మంచు పడిన రాత్రి వీధిలో గొణుగుడు తప్ప ప్రతిధ్వని ఉండదు, మంచు శబ్దాన్ని తాగేస్తుంది. అప్పుడు కారు తనలో తను జపం చేసుకుంటున్నట్టుంటుంది. దీనికి ఎదురు కొస డెట్రాయిట్ నది కింద సొరంగం. 1930లో తెరిచారు, దాదాపు మైలు పొడుగు. గోడలకి పలకలు, పైన నది. అద్దాలు దించి, రెండో గేరులో, తొక్కకుండా, ఊరికే వెళ్ళాలి. ముందు పోయిన గుబగుబలు ఎదురొచ్చి వెనక వచ్చేవాటితో కలుస్తాయి, ఒక్క మనిషి బృందగానం అవుతాడు. చిక్కల్లా సొరంగం అవతలి కొస కెనడా. గొట్టం పాట వినడానికి పాస్‌పోర్టు పట్టుకుని బయల్దేరిన రసికుణ్ణి నేనొక్కణ్ణేనేమో. ఎందుకొచ్చావని సరిహద్దు అధికారి అడిగితే, కాఫీ తాగడానికని చెప్పాను.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. విమానాశ్రయం నుంచి ఇంటికి వస్తూ దారి పొడుగునా ఏమీ అనలేదు. ఇంటి ముందు ఆపి, బండి కట్టేయబోతుంటే, చెయ్యి అడ్డం పెట్టి, "ఉండరా... మన పొలంలో బోరు కాడ ఆయిలింజను కదూ ఇది!" అంది. ఆ తర్వాత కాసేపు కళ్ళు మూసుకుంది. ఎండాకాలం రాత్రి కరెంటు లేనప్పుడు దూరం నుంచి ఆయిలింజను మోత వినిపిస్తుంటే, అది వినిపించినంతసేపూ చేనికి నీళ్ళు పారుతున్నట్టే. మోత ఆగితే ఇంట్లో అందరూ లేచి కూర్చునేవారు. రసం పుట్టాలంటే వినేవాడి లోపల ముందే పూర్వానుభవపు వాసన ఉండాలని పెద్దలు అన్నారు. మెక్‌రే ఎవరో తెలియని మా అమ్మ, నాకంటే లోతుగా విన్నది.

ఇంత పొగిడాక తిట్టాల్సినవి కూడా తిట్టాలి. హార్స్‌పవర్ కోసం ఈ గొట్టం వేశానని ఎవడైనా అంటే నమ్మకండి. టర్బో వెనక దారి ఎంత సాఫీగా ఉంటే అంత మంచిదన్న మాట నిజమే. కానీ వెనక సగం గొట్టం మార్చినందుకు వచ్చే బలం స్వల్పం. అసలు లాభం టర్బోని ఆనుకుని ఉండే ముందు గొట్టంలో ఉంది. దానితో పాటు కంప్యూటర్ లెక్కలూ మార్చాలి, చాలామంది పొగ శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ని కూడా పీకేస్తారు. అమెరికాలో అది చట్టవిరుద్ధం, పైగా కళ్ళు మండే కంపు. దాని జోలికి నేను పోలేదు. శబ్దం వినడానికి ఊపిరితిత్తులు అమ్ముకోనక్కర్లేదు.

రెండోది హోరు. గంటకి డెబ్భై మైళ్ళ వేగంలో, మూడు వేల చుట్ల దగ్గర, సెకనుకి వంద దెబ్బలు కారు గదితో శ్రుతి కలుస్తాయి. అప్పుడు పాట పోయి తలనొప్పి మిగులుతుంది. తెలివైన తయారీదార్లు పక్కకి చివర మూసిన పిల్ల గొట్టం ఒకటి అతుకుతారు. అందులోకి వెళ్ళిన అల తిరిగొచ్చి ఎదురు అలని మింగేస్తుంది. నా గొట్టానికి అది ఉంది, పొడుగు కాస్త తప్పింది. ఆ హోరు మొదలయ్యే చోట నేను వేగం పెంచనూ లేను, తగ్గించనూ లేను. మా ఆవిడ మాత్రం రేడియో పెంచుతుంది.

మూడోది మనుషులు. విశాఖలో పోలీసులు మోటారు సైకిళ్ళకి వేసుకున్న మోత సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించినప్పుడు నాకు వాటి మీద జాలి కలగలేదు. అవి సైలెన్సర్లు కావు, కేకలు. లోపల పీచు పీకేసిన ఖాళీ డబ్బాలో నడక ఉండదు, జీవ ఉండదు, ఎదుటివాడి చెవి మీద పెత్తనం మాత్రం ఉంటుంది. ఇంకోపక్క 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 లాంటివి ఇంజను శబ్దాన్ని లోపల స్పీకర్లలోంచి వినిపిస్తున్నాయి. తెర వెనక టేపు పెట్టి పెదాలాడించే గాయకుడికి, మైకు మింగే గాయకుడికి మధ్య నా కారు అరుగు మీద కూర్చుని పాడుతోంది, కుంటి తాళంతోనే.

గొట్టం బిగించిన నాలుగు నెలల తర్వాత కారు కింద దూరి చూశాను. ముందు అతుకు దగ్గర ఉక్కు నెమలి మెడ నీలానికి తిరిగింది, దాని వెనక వంగపండు రంగు, ఆ వెనక బంగారు రంగు. ఎవరూ రంగు వేయలేదు. వేడికి పుట్టిన సన్నని పొర మందాన్ని బట్టి వెలుతురు అలా రంగు మారుతుంది, వాన రోడ్డు మీద పెట్రోలు చుక్కలాగే. ఆ నీలం మధ్యలో ఒక బొటనవేలి ముద్ర ఉంది. ఎంత తుడిచినా ఒకటి మిగిలిపోయినట్టుంది. నాదో భీమవరం వాడిదో పోల్చుకోలేకపోయాం.

మీలో ఎవరైనా ఈ పనికి దిగితే, వంద మైళ్ళు తిరిగాక బండి పూర్తిగా చల్లారనిచ్చి నట్లన్నీ ఇంకోసారి బిగించుకోండి. వేడికి సాగి, చలికి ముడుచుకుని, కొత్త గాస్కెట్ కాస్త అణుగుతుంది. మావి రెండు వదులయ్యాయి.